మామిడి కాటా యాప్‌కి బిల్డ్ సర్వర్: కమాండ్ లైన్ టూల్స్ డైరీ

పని ఏమిటి

చిత్తూరు చుట్టుపక్కల మామిడి ర్యాంపుల్లో (రైతుల దగ్గర కాయ తూచి కొనే చోట్లు) కాటా చీటీలు కొట్టే ఆండ్రాయిడ్ యాప్ ఇది. రైతు పేరు, ఊరు, కాయ రకం, బండి బరువు తీసేసిన నికర బరువు, టన్ను ధర, అన్నీ తెలుగులోనే. కోడ్ రాసేది తిరుపతిలో, బైరాగిపట్టెడ ఆఫీసులో. తోతాపురి దిగే రోజుల్లో ర్యాంపు దగ్గర ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. పొద్దున కనబడిన తప్పుకి సాయంత్రం లోపల కొత్త ఏపీకే (ఫోన్‌లో ఎక్కించే యాప్ ఫైల్) వెళ్లాలి. ఇంతవరకూ ఎవరి ల్యాప్‌టాప్ ఖాళీగా ఉంటే అందులోంచి ఏపీకే వచ్చేది. ఒకరి దగ్గర జేడీకే (జావా కిట్) 11, ఇంకొకరి దగ్గర 17, ఒకరిది విండోస్, ఇంకొకరిది ఉబుంటు. ఒకే కోడ్‌కి రెండు రకాల ఏపీకేలు రావడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

కావాల్సింది ఇంతే: గిట్‌లో (కోడ్ మార్పుల చరిత్ర దాచే టూల్) పుష్ చేయగానే ఒక మెషీన్ కోడ్ లాక్కుని, టెస్టులు నడిపి, ఏపీకే కట్టి పెట్టాలి. ఎక్కడ పడిపోయినా గట్టిగా చెప్పాలి.

మెషీన్

నాలుగు కోర్ల పాత డెస్క్‌టాప్, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, పక్కన ఒక యూపీఎస్. ఉబుంటు 22.04 సర్వర్ ఎడిషన్. దానిమీద జెంకిన్స్ (బిల్డులను దానంతట అదే నడిపే సాఫ్ట్‌వేర్) ఎల్‌టీఎస్ వెర్షన్, సిస్టమ్‌డీ సర్వీసుగా. జెంకిన్స్ ఎల్‌టీఎస్ 2.479 నుంచి జావా 17 గానీ అంతకంటే కొత్తది గానీ తప్పనిసరి, కాబట్టి జావా 11 జోలికే పోలేదు. బయోస్‌లో కరెంటు తిరిగి రాగానే మెషీన్ దానంతట అదే ఆన్ అయ్యే సెట్టింగు పెట్టాం. మే నెలలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది కనుక కేబినెట్‌ను గోడకి ఆనించకుండా కాస్త జరిపాం. ప్రాసెసర్ వేడెక్కితే వేగం తగ్గించుకుంటుంది, బిల్డ్ టైమ్ ఎందుకు పెరిగిందో లాగ్‌లో ఎక్కడా కనబడదు.

ప్లగిన్లు వీలైనంత తక్కువ: గిట్, పైప్‌లైన్, డాకర్, క్రెడెన్షియల్స్. గ్రాడిల్‌కి (కోడ్‌ను ఏపీకేగా కట్టే టూల్) ఒక ప్లగిన్, ఆండ్రాయిడ్‌కి ఒక ప్లగిన్ అంటూ పోతే సగం సెట్టింగులు వెబ్ పేజీలో చిక్కుకుంటాయి, గిట్‌లో వాటి చరిత్ర ఉండదు. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. బిల్డ్ బుద్ధి అంతా రిపోలోని (గిట్‌లోని మా కోడ్ ఫోల్డర్) ఒక్క బ్యాష్ స్క్రిప్టులో ఉండాలి. జెంకిన్స్‌ఫైల్ (జెంకిన్స్ ఏం చేయాలో చెప్పే ఫైల్) ఆ స్క్రిప్టును పిలిచి ఊరుకోవాలి. ల్యాప్‌టాప్‌లోనూ అదే స్క్రిప్టు నడవాలి.

పచ్చగా వచ్చిన తప్పుడు బిల్డ్

మొదటి బిల్డ్ పచ్చగా వచ్చింది. లాగ్ తెరిస్తే రెండు టెస్టులు ఫెయిల్ అని స్పష్టంగా ఉంది. గ్రాడిల్ అవుట్‌పుట్‌ను ఫైల్‌లోకి కూడా రాయాలని పైప్ పెట్టి టీ (tee) కమాండ్‌కి ఇవ్వడమే కారణం. పైప్‌లో చివరి కమాండ్ ఎగ్జిట్ కోడే (0 అంటే గెలుపు, ఇంకేదైనా ఓటమి) మొత్తానికి ఎగ్జిట్ కోడ్ అవుతుంది. గ్రాడిల్ 1 ఇచ్చినా టీ మాత్రం నిక్షేపంగా 0 ఇచ్చింది. జెంకిన్స్ చూసేది ఆ సున్నానే.

దీనికి మందు 'సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్': పైప్‌లో ఏ కమాండ్ పడినా మొత్తం పడినట్టే. అయితే జెంకిన్స్‌ఫైల్‌లోని ఎస్‌హెచ్ స్టెప్ మామూలుగా సిస్టమ్ షెల్‌తో నడుస్తుంది. ఉబుంటులో ఆ షెల్ బ్యాష్ కాదు, డ్యాష్. 22.04లోని డ్యాష్‌కి పైప్‌ఫెయిల్ అంటే తెలియదు, 'ఇల్లీగల్ ఆప్షన్' అని ఆగిపోతుంది. ఎస్‌హెచ్ స్టెప్ లోపల మొదటి లైన్‌గా బ్యాష్ షెబాంగ్ (ఏ షెల్‌తో నడపాలో చెప్పే లైన్) పెట్టొచ్చు, కానీ అది కోట్ గుర్తు పక్కనే మొదలవ్వాలి. మధ్యలో ఒక్క ఖాళీ లైన్ ఉన్నా అది ఉత్త కామెంట్ అయిపోతుంది. పైగా షెబాంగ్ పెట్టిన క్షణం జెంకిన్స్ తనంతట ఇచ్చే మైనస్ ఎక్స్ (ప్రతి కమాండ్‌నూ లాగ్‌లో చూపేది), మైనస్ ఈ (తప్పు రాగానే ఆపేది) రెండూ పోతాయి. కాబట్టి జెంకిన్స్‌ఫైల్‌లో 'బ్యాష్ సీఐ స్లాష్ బిల్డ్ డాట్ ఎస్‌హెచ్' అని ఒక్క లైన్ మాత్రమే ఉంచి, సెట్ లైన్‌ను స్క్రిప్టు తలమీద పెట్టాం: ఈ, యూ, పైప్‌ఫెయిల్ మూడూ కలిపి.

మైనస్ ఈ పెట్టాం కదా అని నిశ్చింతగా ఉండటానికి లేదు. ఫంక్షన్‌ను ఇఫ్ షరతులో పిలిస్తే దాని లోపల మైనస్ ఈ పనిచేయదు. లోకల్ అని ప్రకటిస్తూ అదే లైన్‌లో కమాండ్ ఫలితాన్ని తీసుకుంటే, ఆ కమాండ్ పడిపోయినా లోకల్ 0 ఇస్తుంది. ప్రకటన ఒక లైన్, విలువ ఇవ్వడం ఇంకో లైన్ అయితే ఈ గొడవ ఉండదు. గ్రెప్‌ది ఇంకో రకం: వెతికింది దొరక్కపోతే 1 ఇస్తుంది, అది తప్పు కాకపోయినా స్క్రిప్టు ఆగిపోతుంది.

టీమ్ గోడమీద అంటించిన కాగితంలో ఈ కోడ్లు ఉన్నాయి. 126 అంటే ఫైల్ ఉంది కానీ నడిపే అనుమతి లేదు. 127 అంటే కమాండే దొరకలేదు. 128 దాటితే సాధారణంగా సిగ్నల్‌తో చచ్చింది, 128 తీసేస్తే సిగ్నల్ నంబర్: 137 అయితే 9, అంటే కిల్. 141 అయితే 13, అంటే విరిగిన పైప్. ఈ 141 మళ్లీ వస్తుంది.

గ్రాడిల్ వ్రాపర్

వెంటనే వచ్చింది 126. గ్రాడిల్ వ్రాపర్ స్క్రిప్టును (సరైన గ్రాడిల్ వెర్షన్‌ను తెచ్చి నడిపేది) విండోస్ ల్యాప్‌టాప్ నుంచి కమిట్ చేశారు, గిట్‌లో దాని మోడ్ (ఫైల్ అనుమతులు) 100644. నడవాలంటే 100755 కావాలి. సర్వర్‌లో సీహెచ్‌మోడ్ కొట్టి సరిపెట్టొచ్చు గానీ, తర్వాతి క్లోన్‌లో మళ్లీ మొదటికే వస్తుంది. 'గిట్ అప్‌డేట్ ఇండెక్స్'కి సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ ఆప్షన్ ఇచ్చి, మోడ్ మార్పునే కమిట్ చేయాలి.

అది దాటగానే 'బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్'. అదే ఫైల్‌లో లైన్ చివర్లు విండోస్ తరహావి, షెబాంగ్ చివర కంటికి కనబడని క్యారేజ్ రిటర్న్ అంటుకుని ఉంది. ఆ అక్షరంతో కలిపి షెల్ పేరు వెతికితే ఎక్కడ దొరుకుతుంది? గిట్ యాట్రిబ్యూట్స్ ఫైల్‌లో వ్రాపర్‌కీ, ఎస్‌హెచ్ ఫైళ్లకీ లైన్ చివర ఎల్ఎఫ్ అని, బ్యాట్ ఫైళ్లకి సీఆర్ఎల్ఎఫ్ అని రాసి, ఒకసారి రీనార్మలైజ్ చేశాం.

వ్రాపర్ జార్ ఫైల్ రిపోలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. చాలామంది గిట్ ఇగ్నోర్‌లో జార్ ఫైళ్లన్నిటినీ తోసేస్తారు, దాంతో ఇదీ పోతుంది. లోకల్ డాట్ ప్రాపర్టీస్ విషయం దీనికి తలకిందులు. అది రిపోలో ఉండకూడదు. అందులోని ఎస్‌డీకే (ఆండ్రాయిడ్ టూల్స్ కిట్) దారి ఆండ్రాయిడ్ హోమ్ వేరియబుల్ కంటే ముందు చెల్లుతుంది, ఎవరిదో విండోస్ సీ డ్రైవ్ దారిని లినక్స్ మెషీన్ వెతుక్కుంటూ కూర్చుంటుంది.

ఎస్‌డీకే కమాండ్ లైన్ టూల్స్

బిల్డ్ డాకర్ కంటెయినర్‌లో (మెషీన్‌లోనే విడిగా కట్టిన చిన్న లినక్స్) నడుస్తుంది. ఇమేజ్‌కి (కంటెయినర్‌ను పుట్టించే అచ్చు) పునాది ఉబుంటు 22.04, పైన ఓపెన్‌జేడీకే 17 హెడ్‌లెస్, గిట్, అన్‌జిప్, కర్ల్. ఆండ్రాయిడ్ గ్రాడిల్ ప్లగిన్ 8.2 వాడుతున్నాం. దానికి గ్రాడిల్ 8.2, జేడీకే 17 కనీస అవసరాలు.

ఆండ్రాయిడ్ స్టూడియో అక్కర్లేదు, గూగుల్ విడిగా ఇచ్చే కమాండ్ లైన్ టూల్స్ జిప్ చాలు. అన్‌జిప్ చేస్తే 'సీఎండీలైన్ టూల్స్' అనే ఫోల్డర్ వస్తుంది, దాని కింద బిన్, లిబ్. దాన్ని అలాగే ఎస్‌డీకే ఫోల్డర్‌లో పెట్టి ఎస్‌డీకే మేనేజర్ నడిపితే 'ఎస్‌డీకే రూట్ ఎక్కడో తేల్చుకోలేకపోయాను' అంటుంది. అది కోరే దారి ఇలా ఉండాలి: ఎస్‌డీకే ఫోల్డర్, దాని కింద సీఎండీలైన్ టూల్స్, దాని కింద లేటెస్ట్, దాని కింద బిన్. జిప్‌లో మాత్రం ఆ 'లేటెస్ట్' అంతస్తు ఉండదు, మనమే కట్టాలి. జిప్‌ను టెంప్‌లో విప్పి, ఫోల్డర్ పేరు లేటెస్ట్ అని మార్చి తరలించడం సులువు. ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో ఆండ్రాయిడ్ హోమ్ ఒక్కటే పెట్టాం. ఆండ్రాయిడ్ ఎస్‌డీకే రూట్ అనేది పాతబడింది. రెండూ పెట్టి రెండిట్లో వేర్వేరు దారులు రాస్తే కొత్త తలనొప్పి.

తర్వాత ప్యాకేజీలు: ప్లాట్‌ఫామ్ టూల్స్, ఆండ్రాయిడ్ 34 ప్లాట్‌ఫామ్, బిల్డ్ టూల్స్ 34.0.0. ఈ పేర్ల మధ్యలో సెమికోలన్ ఉంటుంది. కోట్స్ లేకుండా రాస్తే షెల్‌కి సెమికోలన్ అంటే ఒక కమాండ్ అయిపోయిందని అర్థం, మిగతా సగాన్ని ఇంకో కమాండ్ అనుకుని నడపబోయి 127 ఇస్తుంది. ప్రతి ప్యాకేజీ పేరునూ కోట్స్‌లో పెట్టాలి.

లైసెన్సుల దగ్గర మనిషి వై నొక్కాలి, కంటెయినర్‌లో మనిషి లేడు. అందరూ చేసేదే: ఎస్ (yes) కమాండ్‌ను పైప్ చేసి ఎస్‌డీకే మేనేజర్ లైసెన్సెస్‌కి ఇవ్వడం. చేత్తో కొడితే బాగానే నడిచింది, స్క్రిప్టులో మాత్రం 141తో పడిపోయింది. ఎస్ కమాండ్‌కి ఆగడం తెలియదు, వై వై అంటూనే ఉంటుంది. ఎస్‌డీకే మేనేజర్ పని ముగించుకుని వెళ్లిపోగానే పైప్ విరిగి, ఎస్ 13వ సిగ్నల్‌తో చస్తుంది. పైప్‌ఫెయిల్ ఉంది కనుక మొత్తం లైన్ పడిపోయినట్టే లెక్క. పైప్‌ఫెయిల్‌ను తీసేయడం పరిష్కారం కాదు. ఎడమవైపు భాగాన్ని బ్రాకెట్లలో పెట్టి 'ఎస్ లేదా ట్రూ' అని రాస్తే ఆ ఒక్క భాగమే క్షమించబడుతుంది, కుడివైపు ఎస్‌డీకే మేనేజర్ నిజంగా పడితే తెలుస్తుంది. ఒప్పుకున్న లైసెన్సులు ఎస్‌డీకేలోని లైసెన్సెస్ ఫోల్డర్‌లో చిన్న ఫైళ్లుగా, లోపల ఒక హ్యాష్‌తో మిగులుతాయి. ఈ పనంతా ఇమేజ్ కట్టేటప్పుడే అయిపోవాలి, ప్రతి బిల్డ్‌లో కాదు.

తెలుగు దగ్గర తిరగబడింది

ఈ ప్రాజెక్టులో ఎక్కువ సమయం తిన్నది ఇదే.

కాయ రకాల జాబితా ఒక టెక్స్ట్ ఫైల్: బేనీషా, తోతాపురి, నీలం, మల్గూబ, ఇంకా కొన్ని. టెస్ట్ ఆ ఫైల్ చదివి చీటీ తయారుచేసి సరిచూస్తుంది. ఉబుంటు ల్యాప్‌టాప్‌లో పాస్. ఫోన్‌లో పాస్. కంటెయినర్‌లో ఫెయిల్. రిపోర్టులో 'బేనీషా' ఉండాల్సిన చోట వజ్రం ఆకారంలో ప్రశ్నార్థకాలు, లెక్కపెడితే 18.

ఆ 18 దగ్గరే గుట్టు దొరికింది. బేనీషాలో కోడ్ పాయింట్లు ఆరు: మూడు హల్లులు, మూడు గుణింతపు గుర్తులు. యూటీఎఫ్ 8లో తెలుగు కోడ్ పాయింట్ ఒక్కొక్కటీ మూడు బైట్లు. ఆరు మూళ్లు 18. అంటే జావా ఒక్కో బైట్‌నూ విడి అక్షరం అనుకుని, ఇది ఆస్కీ (ఇంగ్లిష్ అక్షరాలకే సరిపోయే పద్ధతి) కాదు పొమ్మంది. ఇంకో టెస్టులో అదే మాటకి ఆరు మామూలు ప్రశ్నార్థకాలే వచ్చాయి. అక్కడ తప్పు చదవడంలో కాదు, స్ట్రింగ్‌ను బైట్లుగా మార్చడంలో. ఈ తేడా గుర్తుంచుకుంటే తప్పు ఏ దిక్కున ఉందో రిపోర్టు చూసే చెప్పొచ్చు.

ఉబుంటు 22.04 బేస్ ఇమేజ్‌లో లాంగ్ వేరియబుల్ ఉండదు, లొకేల్ (భాష, అక్షరాల సెట్టింగు) పాజిక్స్‌గా ఉంటుంది. జేడీకే 17 తన డిఫాల్ట్ క్యారెక్టర్ సెట్‌ను లొకేల్ నుంచే తీసుకుంటుంది కాబట్టి అది ఆస్కీ అయింది. 2022 మార్చిలో వచ్చిన జేడీకే 18 నుంచి డిఫాల్ట్ ఎప్పుడూ యూటీఎఫ్ 8 (జెప్ 400). ఆండ్రాయిడ్‌లో మొదటి నుంచీ యూటీఎఫ్ 8. అందుకే ఫోన్‌లో ఈ రోగం కనబడదు, జేవీఎం మీద నడిచే యూనిట్ టెస్టుల్లోనే బయటపడుతుంది. కాట్లిన్‌లో రీడ్‌టెక్స్ట్ వాడిన చోట్ల కూడా ఏమీ కాలేదు, దాని డిఫాల్ట్ యూటీఎఫ్ 8. పడినవన్నీ పాత జావా కోడ్‌లోని ఫైల్‌రీడర్, ఏ ఆర్గ్యుమెంటూ లేని గెట్‌బైట్స్.

రెండు చోట్ల మందు వేశాం. కోడ్‌లో ఎన్‌కోడింగ్ పేరు చెప్పకుండా చదవడం, రాయడం మానేశాం. డాకర్ ఫైల్‌లో లాంగ్, ఎల్‌సీ ఆల్ రెండిటికీ 'సీ డాట్ యూటీఎఫ్ 8' ఇచ్చాం. ఈ లొకేల్ బేస్ ఇమేజ్‌లో ముందే ఉంటుంది, లొకేల్స్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు. గ్రాడిల్ ప్రాపర్టీస్‌లో ఫైల్ ఎన్‌కోడింగ్ ఒక్కటి పెడితే చాలదా అంటే చాలదు. ఫైళ్ల పేర్లకి జావా వేరే ఎన్‌కోడింగ్ వాడుతుంది, అదీ లొకేల్ నుంచే వస్తుంది. టెస్ట్ డేటాలో 'తోతాపురి' అని తెలుగు పేరున్న ఫైల్ ఉంటే, లొకేల్ సరిచేయనిదే 'అన్‌మ్యాపబుల్ క్యారెక్టర్స్' అనే ఎర్రర్ పోదు.

ఇదే దారిలో రెండు చిన్న పనులు. మారిన ఫైళ్ల జాబితాలో గిట్ తెలుగు పేర్లను \340\260 అంటూ ఆక్టల్ అంకెల్లో చూపిస్తుంది, 'కోర్ డాట్ కోట్‌పాత్' ఫాల్స్ చేస్తే అక్షరాలు కనబడతాయి. సార్ట్ కమాండ్ వరస లొకేల్‌ని బట్టి మారుతుంది. రకాల జాబితాను వరసలో పెట్టి పాతదానితో పోల్చే చోట ఎల్‌సీ ఆల్‌ను ఆ కమాండ్ ముందే 'సీ' అని కట్టేశాం, ల్యాప్‌టాప్‌లోనూ సర్వర్‌లోనూ ఒకే వరస రావాలి గనుక.

ప్రశ్నార్థకం అనే ఫోల్డర్

వర్క్‌స్పేస్‌లో నిజంగానే '?' అనే పేరుతో ఒక ఫోల్డర్ పుట్టింది, దాని లోపల డాట్ గ్రాడిల్. ఇది ఎన్‌కోడింగ్ గొడవ కాదు. జెంకిన్స్ కంటెయినర్‌ను తన యూజర్ నంబర్‌తో నడుపుతుంది. ఆ నంబర్‌కి ఇమేజ్‌లోని పాస్‌వర్డ్ ఫైల్‌లో పేరు లేదు. పాత జేడీకే బిల్డుల్లో, పేరులేని యూజర్‌కి హోమ్ ఎక్కడని అడిగితే జావా ఇచ్చే జవాబు ఆ ప్రశ్నార్థకమే. గ్రాడిల్ దాన్నే ఫోల్డర్ పేరు అనుకుంది. ప్రతి బిల్డ్‌కీ డిపెండెన్సీలన్నీ మొదటి నుంచి డౌన్‌లోడ్ కావడానికీ ఇదే మూలం. హోమ్, గ్రాడిల్ యూజర్ హోమ్, ఆండ్రాయిడ్ యూజర్ హోమ్ మూడూ మనమే ఇచ్చి, గ్రాడిల్ ఫోల్డర్‌ను హోస్ట్ నుంచి మౌంట్ చేశాక సర్దుకుంది. కంటెయినర్‌ను రూట్‌గా నడపడం దగ్గరి దారే, కాకపోతే వర్క్‌స్పేస్ ఫైళ్లన్నీ రూట్‌వి అయిపోయి, వాటిని జెంకిన్స్ తుడవలేదు. రిపో యజమాని వేరే యూజర్ అయితే గిట్ కూడా 'డ్యూబియస్ ఓనర్‌షిప్' అని మొరాయిస్తుంది.

137

'గ్రాడిల్ డీమన్ మాయమైంది' అని లాగ్ (డీమన్ అంటే వెనకాల నడిచే ప్రాసెస్). హోస్ట్‌లో డీమెసేజ్ చూస్తే ఓఓఎం కిల్లర్ (మెమరీ చాలనప్పుడు ప్రాసెస్‌లను చంపేది) సంతకం. గ్రాడిల్‌కి 3 జీబీ హీప్ (జావా వాడుకునే మెమరీ) ఇచ్చాం. కాట్లిన్ డీమన్ విడి ప్రాసెస్, గ్రాడిల్ జేవీఎం ఆర్గ్యుమెంట్లనే అది వారసత్వంగా తీసుకుంటుంది కనుక దానికీ 3. జెంకిన్స్ జావా వేరే. రెండు ఎగ్జిక్యూటర్లలో రెండు బిల్డులు ఒకేసారి మొదలయ్యాయి. 8 జీబీ ఏ మూలకి?

హీప్ 2 జీబీకి దించి, కాట్లిన్ కంపైలర్‌ను ఇన్‌ప్రాసెస్ చేసి, ఎగ్జిక్యూటర్ ఒక్కటే ఉంచాం. డీమన్ వద్దనే ఆప్షన్ ఇచ్చినా, అడిగిన జేవీఎం ఆర్గ్యుమెంట్లు క్లయింట్‌తో సరిపోకపోతే గ్రాడిల్ ఒక వాడి పారేసే డీమన్‌ను పుట్టిస్తుంది. లాగ్‌లో ఆ మాట కనబడితే కంగారు అక్కర్లేదు.

వెర్షన్ వెనక్కి పోయింది

చిత్తూరు ర్యాంపు నుంచి ఫోన్: "అన్నా, కొత్త యాప్ ఎక్కట్లేదే. పాతది తీసేసి వేసుకోమంటావా? చీటీలు పోతాయి కదా!"

తీసేయొద్దని చెప్పి కేబుల్‌తో ఏడీబీ ఇన్‌స్టాల్ చేయిస్తే 'వెర్షన్ డౌన్‌గ్రేడ్' అని వచ్చింది. మా వెర్షన్ కోడ్ గిట్‌లోని కమిట్ల లెక్క. ఇంటర్నెట్ ఆదా అవుతుందని క్లోన్ లోతు 1 (చివరి కమిట్ ఒక్కటే) పెట్టాం, దాంతో లెక్క కూడా 1 అయింది. చరిత్ర మొత్తం కావాలి, పాత ఫైళ్ల బరువు వద్దు అనుకుంటే బ్లాబ్‌లెస్ క్లోన్ ఉంది: ఫిల్టర్ ఆప్షన్‌లో 'బ్లాబ్ కోలన్ నన్'. కమిట్లన్నీ వస్తాయి, ఫైళ్లు అవసరమైనవే వస్తాయి. అవతలి గిట్ సర్వర్‌లో ఫిల్టర్‌కి అనుమతి ఆన్ చేసి ఉండాలి. స్క్రిప్టులో ఒక కాపలా కూడా పెట్టాం. రిపో షాలోనా (చరిత్ర కత్తిరించినదా) అని 'గిట్ రెవ్‌పార్స్'ని అడిగి, అవునంటే అక్కడే ఆపేస్తుంది.

సంతకం, రహస్యాలు

కీస్టోర్ (ఏపీకేకి సంతకం చేసే తాళం ఫైల్) జెంకిన్స్ క్రెడెన్షియల్స్‌లో ఉంది, రిపోలో లేదు. మైనస్ ఎక్స్ ఆన్‌లో ఉంటే ప్రతి కమాండూ విలువలతో సహా లాగ్‌లో పడుతుంది. జెంకిన్స్ చుక్కలు పెట్టి దాచేది పాస్‌వర్డ్ యథాతథంగా కనబడితేనే, బేస్64 చేసి అచ్చువేస్తే దానికి తెలియదు. జెంకిన్స్‌ఫైల్‌లో ఎస్‌హెచ్ స్టెప్‌కి సింగిల్ కోట్స్ వాడాలి. డబుల్ కోట్స్ అయితే గ్రూవీయే (జెంకిన్స్‌ఫైల్ భాష) విలువను నింపి షెల్‌కి ఇస్తుంది, ప్రాసెస్ జాబితాలో కనబడిపోతుంది.

కరెంటు, గడియారం, డిస్క్

యూపీఎస్ బ్యాటరీ కూడా అయిపోయేంత సేపు కరెంటు పోయిన రాత్రి తర్వాత, పొద్దున చెకౌట్ 'ఇంకో గిట్ ప్రాసెస్ నడుస్తోంది' అని ఆగింది. గిట్ మధ్యలో చచ్చిపోతే ఇండెక్స్ డాట్ లాక్ ఫైల్ మిగిలిపోతుంది. దాన్ని తీసేసే లైన్‌ను స్క్రిప్టులో పెట్టలేం, స్క్రిప్టు వచ్చేదే చెకౌట్ తర్వాత. జెంకిన్స్ సర్వీసు మొదలవ్వకముందు నడిచేలా సిస్టమ్‌డీలో ఒక 'ఎగ్జెక్ స్టార్ట్ ప్రీ' లైన్ పెట్టాం. అది వర్క్‌స్పేస్‌లలోని లాక్ ఫైళ్లను మాత్రమే తుడుస్తుంది. అప్పుడు ఏ బిల్డూ నడుస్తూ ఉండదు కనుక ప్రమాదం లేదు.

రాత్రి బిల్డ్ 2 గంటలకి. జెంకిన్స్ క్రాన్ సర్వర్ టైమ్‌జోన్ ప్రకారం నడుస్తుంది, సర్వర్ యూటీసీలో ఉంది కాబట్టి షెడ్యూల్ మొదటి లైన్‌గా టైమ్‌జోన్ ఆసియా కోల్‌కతా అని రాశాం. యూటీసీలోనే రాయాలంటే ముందురోజు 20:30 అవుతుంది. గంటలు సరిగ్గా తీసేసి అరగంట మర్చిపోవడం మామూలే. నిమిషాల చోట సున్నా బదులు హెచ్ అనే అక్షరం పెడితే జాబులన్నీ ఒకే నిమిషంలో లేవకుండా జెంకిన్స్ సర్దుకుంటుంది. పాత బిల్డులు ఇరవై దాటితే పోయేలా డిస్కార్డర్ పెట్టాం, ర్యాంపులకి పంపిన ఏపీకేలకి మాత్రం 'ఎప్పటికీ ఉంచు' గుర్తు కొట్టాలి.

ఇంకా మిగిలింది

ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లో నడిచే ఉత్తుత్తి ఫోన్) మీద స్క్రీన్‌షాట్ టెస్టులు. చీటీలో 'క్ష్మి', 'స్త్రీ' లాంటి ఒత్తులు విరగకుండా వస్తున్నాయో లేదో యూనిట్ టెస్టు చెప్పలేదు. తెర లేకుండా నడపడానికి నో విండో ఆప్షన్ ఉంది. బయోస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చేసి, కేవీఎం (ఎమ్యులేటర్‌ను వేగంగా నడిపే లినక్స్ సదుపాయం) డివైస్‌ను కంటెయినర్‌లోకి ఇచ్చి, జెంకిన్స్ యూజర్‌ను కేవీఎం గ్రూపులో చేర్చాలి. కేవీఎం లేకుండా ఎక్స్86 ఎమ్యులేటర్ బూట్ అయ్యేలోపు బిల్డ్ టైమవుట్ దాటిపోతుంది. ఎమ్యులేటర్‌కి ఇంకో 2 జీబీ కావాలి కనుక ముందు ర్యామ్ 16కి పెంచాలి. ఆ స్టిక్ వచ్చేదాకా ఈ పని ఆగింది.